రెండు పసుపు గుంటలు

మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ల్యాబు బల్ల మీది పరీక్ష ప్లేటులో రెండు గుంటలు పసుపు రంగుకు తిరిగాయి.

తిరగాల్సిన గుంట ఇంకొకటి ఉంది. అందులో ఉన్నది కిట్టుతోపాటు కంపెనీ పంపిన సీరం. అది పసుపు కాకపోతే పరీక్షే చెల్లదు. అదీ తిరిగింది. మిగతావి నీళ్ళలాగే ఉన్నాయి. లోకేశ్వరి ప్లేటును కిటికీ వైపు ఎత్తి చూసింది, తర్వాత మెషిన్‌లో పెట్టింది. మెషినూ అదే చెప్పింది. రుబెల్లా ఐజీఎం, అంటే జబ్బు కొత్తగా సోకినప్పుడు నెత్తుట్లో పుట్టే యాంటీబాడీ, పాజిటివ్, ఇద్దరికి.

ఇద్దరూ కడుపుతో ఉన్న ఆడవాళ్ళు. ఇద్దరి రక్తమూ ఒకే నర్సింగ్ హోమ్ నుంచి ఒకే ఐసు పెట్టెలో వచ్చింది. ఒక ట్యూబు మీద యోగిత ఎస్. అనీ, రెండోదాని మీద మలర్ ఎన్. అనీ రాసి ఉంది. ఆ నర్సింగ్ హోమ్ డాక్టరమ్మ మొదటిసారి వచ్చిన ప్రతి గర్భిణికీ ఈ పరీక్షల కట్ట రాసిస్తుంది. జ్వరం వచ్చిందా, ఒళ్ళు పొక్కిందా అని అడగడం ఆమె పద్ధతిలో లేదు. ట్యూబులతో వచ్చే చీటీలో ఆ గడులు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి.

లోకేశ్వరి రెండు సీరాలనూ కొత్త గుంటల్లో వేసి మళ్ళీ నడిపింది. మళ్ళీ పసుపే. రిపోర్టు టైపు చేసి, కింద ఒక వాక్యం చేర్చింది: ఈ ఒక్క ఫలితం మీద నిర్ణయం తీసుకోకూడదు, రెండో పరీక్ష అవసరం.

ల్యాబు యజమాని ముకుందన్ ముందు గదిలో జీడిపప్పు స్వీటు డబ్బాలకు రంగు కాగితం చుట్టిస్తున్నాడు. నెలకొకసారి అవి నర్సింగ్ హోములకు వెళతాయి. రిపోర్టు చదివి అతను కళ్ళజోడు తీశాడు.

"ఏందమ్మా ఇది? డాక్టర్లకు మనం పాఠం చెప్పేదా?"

"పాఠం కాదు సార్. ఐజీఎం ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం. వేరే కారణాలకు కూడా వస్తుంది."

"వస్తే వచ్చె. నంబరు ఇచ్చేది మన పని. అర్థం వాళ్ళు చెప్పుకుంటారు. హోటల్లో సర్వరు ఇడ్లీ పెట్టి పోతాడు గానీ, బాగా నమిలి మింగు అంటాడా?"

తన మాటకు తనే నవ్వి, ఒక డబ్బా మూత తెరిచి ఆమె ముందుకు జరిపాడు. ఆమె తీసుకోలేదు. లోపలికి వెళ్ళి ఆ వాక్యం కొట్టేసి, రెండు రిపోర్టుల మీదా సంతకం పెట్టింది. డి. లోకేశ్వరి, మైక్రోబయాలజిస్ట్. పెన్ను మూత పెట్టింది.

ఆ సాయంత్రం నటేశన్ నగర్‌లో ఆమె ఇంటి ముందు అంబుజం నిలబడి ఉంది. అంబుజం ఇల్లు అదే వీధిలో నాలుగిళ్ళ అవతల. భర్త మిల్లులో పనిచేసి పోయాడు. కొడుకు నరేంద్రన్ బస్సు డిపోలో మెకానిక్కు. కోడలు మలర్‌ది అరియాంకుప్పం. ఒక ఆసుపత్రిలో కాంట్రాక్టరు కింద వార్డులు తుడిచే పని. మలర్ ఎన్. అంటే ఈ మలర్ అని లోకేశ్వరికి అప్పటిదాకా తట్టలేదు. ఆ అమ్మాయి కడుపుతో ఉందని వీధిలో ఎవరికీ తెలియదు.

"నువ్వు సంతకం పెట్టినావంట గదా," అంది అంబుజం. ఆమెకు ఏ అక్షరాలూ రావు. రిపోర్టు మడతలు విప్పకుండానే చేతిలో పట్టుకుంది. "మా నరేంద్రన్ చదివి చెప్పినాడు. లోకేశ్వరి అక్క పేరుండాది అమ్మా, పోయి అడుగు అన్నాడు."

"లోపలికి రా చిన్నమ్మా."

"లోపలికి వద్దు, నువ్వే మా ఇంటికి రా. ఈడ మాట్లాడితే నలుగురు వింటారు. ఇంకా మూడు నెల నిండలేదు."

అంబుజం ఇంట్లో వంటగది గడప పైన మేకుకు పసుపు గుడ్డ మూట ఒకటి వేలాడుతోంది. అందులో రూపాయి బిళ్ళ పెట్టి ముడి వేసి ముడుపు కట్టింది అంబుజం. పోయినసారి మలర్‌కు నెల తప్పిందని తెలిసిన వారంలోనే వీధంతా చెప్పారు. రెండో నెలలో కడుపు పోయింది. ఈసారి మూడు నెలలు నిండేదాకా ఇంటిబయట నోరు విప్పబోమని అంకాళమ్మకు మొక్కి ఆ ముడి వేశారు. మలర్ కూడా దాని మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. డాక్టరు దగ్గరికి కూడా కూరగాయల సంచి పట్టుకుని, బజారుకు పోతున్నట్టు పోయి వచ్చారు.

మలర్ గోడకు ఆనుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. లోకేశ్వరిని చూసి లేవబోయింది.

"కూర్చో," అంది లోకేశ్వరి. "ఈ రెండు నెలల్లో జ్వరం వచ్చిందా? ఒళ్ళు పొక్కిందా? చెవుల వెనక గడ్డలు?"

మలర్ అత్త వైపు చూసి, లేదన్నట్టు తల ఊపింది.

"ఏంది ఆ జబ్బు? డాక్టరమ్మ ఏదో పేరు చెప్పె, నాకు నోరు తిరగలే," అంది అంబుజం.

"పిల్లలకు మూడు రోజులు ఒళ్ళు పొక్కి పోతుందే, అది. పిల్లలకైతే ఏమీ కాదు. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు వస్తేనే కష్టం. పురుగు ఊపిరితో గొంతులోకి పోతుంది. రక్తంలో కలుస్తుంది. మాయను దాటి బిడ్డలోకి పోతుంది. లోపలికి పోయినాక బిడ్డను చంపదు. కణాలు పెరిగేదాన్ని ఆపుతా పోతుంది. మొదటి మూడు నెలల్లో చెవి, కన్ను, గుండె కట్టుకుంటా ఉంటాయి గదా. ఏది కట్టుకుంటా ఉంటే అది సగంలో నిలిచిపోతుంది."

చిక్కుడుకాయ మలర్ చేతిలో విరిగింది. ఆమె రెండు ముక్కలనూ గిన్నెలో వేసింది.

"అయితే డాక్టరమ్మ చెప్పింది నిజమేనా?" అంది అంబుజం.

"ఆమె ఏం చెప్పింది?"

"క్లీన్ చేసేద్దాం అనింది."

లోకేశ్వరి ఆ మాట ఇంతకుముందూ విన్నది. గిన్నెలు తోమేటప్పుడు, డ్రైనేజీ తోడించేటప్పుడు వాడే మాట. "రేపు మళ్ళీ పోదాం, నేనూ వస్తా," అంది.

బుధవారం మధ్యాహ్నం నర్సింగ్ హోమ్‌లో డాక్టరమ్మ మురుకులు తింటోంది. ఆమె కుర్చీ వెనక గోడ నిండా ఆ నర్సింగ్ హోమ్‌లో పుట్టిన పిల్లల ఫోటోలు. బేసిన్ కింద మూత లేని బకెట్టు. అందులో దూది, బ్యాండేజీ గుడ్డ. దాని పక్కనే అమ్మవారి పటానికి మల్లెపూల దండ. ఎదురుగా ఉన్న కుర్చీలో అంబుజాన్ని కూర్చోమంది. మలర్‌కూ లోకేశ్వరికీ కుర్చీలు లేవు.

"చూడండమ్మా, కోడలికి వయసుంది. ఇదొకటి పోతే ఇంకోటి వస్తుంది. గుడ్డీ చెవుడూ బిడ్డను కని ఏం చేస్తారు? మీరే పెంచాల." మురుకు విరిచి నోట్లో వేసుకుని రిపోర్టు అందుకుంది. పసుపు రంగు పెన్నుతో గీత గీసిన చోట ఆమె వేలు నూనె మరక చేసింది. "నంబరు చూడండి. ఎంతుందో."

"మేడమ్, నేను ఆ ల్యాబులోనే పనిచేస్తాను," అంది లోకేశ్వరి. "ఐజీఎం తప్పుగా కూడా రావచ్చు. ఐజీజీ అవిడిటీ అని ఇంకో పరీక్ష చేసి చూస్తే జబ్బు పాతదో కొత్తదో తెలుస్తుంది. అప్పటిదాకా ఆగితే..."

"మీ ల్యాబు రిపోర్టు మీదే మీకు నమ్మకం లేదా?" డాక్టరమ్మ నవ్వింది. నర్సు కూడా నవ్వింది. "ముకుందన్‌ను అడగాల్సిందే అయితే. ఆగితే ఎన్ని వారాలు ఆగాల? ఇప్పుడైతే చిన్న పని, పొద్దున్న వచ్చి సాయంత్రం పోవచ్చు. తర్వాతైతే పెద్ద పని. సిస్టర్, ఈ వారం ఎప్పుడుంది?"

"రేపు ఒక కేసు ఉండాది మేడమ్. శుక్రవారం పొద్దున్న ఖాళీ."

"శుక్రవారం రాసెయ్."

నర్సు గోడ మీది తెల్ల బోర్డు దగ్గరికి వెళ్ళి శుక్రవారం కింద ఏదో రాసింది. "శుక్రవారమా..." అని గొణిగింది అంబుజం. డాక్టరమ్మ చేతులు రిపోర్టు వెనక వైపున తుడుచుకుని దాన్ని తిరిగి ఇచ్చింది. లోపల ఉన్నంతసేపూ ఆమె మలర్‌ను ఒక్క మాట అడగలేదు. మలర్ ముఖం వైపు చూసింది కూడా ఒక్కసారే, నోరు తెరిచి నాలుక చూపించమన్నప్పుడు.

బయట ఆటో కోసం నిలబడి ఉన్నప్పుడు లోకేశ్వరి ఆ రిపోర్టును రెండు వేళ్ళతో పట్టుకుంది. కాగితంలోంచి నూనె దిగి వెనక వైపు నుంచి కూడా తన సంతకం కనబడుతోంది.

"ఆ పరీక్ష నేను చేస్తా," అంది. "నీ రక్తం ఇంకా ఫ్రిజ్‌లో ఉంది. నువ్వు సరే అంటేనే."

మలర్ అత్త వైపు చూసింది.

"నిన్నే అడుగుతా ఉండాను."

"చెయ్యండక్కా," అంది మలర్.

గురువారం ముకుందన్ రాకముందే లోకేశ్వరి పని మొదలుపెట్టింది. ఫ్రిజ్‌లోంచి మలర్ సీరం తీసి అరచేతుల మధ్య పెట్టుకుని చల్లదనం పోగొట్టింది. యూరియాను నీళ్ళలో కలిపి, గింజలన్నీ కరిగేదాకా గాజు కడ్డీతో తిప్పింది. కరిగేకొద్దీ గాజు చల్లబడింది. ఈ పరీక్షలో ఉన్న సంగతంతా పట్టులో ఉంది. జబ్బు వచ్చి ఏళ్ళు గడిచిన మనిషి రక్తంలో ఉండే యాంటీబాడీలు వైరస్‌ను గట్టిగా పట్టుకుంటాయి. యూరియాతో కడిగినా వదలవు. కొత్తగా పుట్టినవాటికి ఇంకా పట్టు రాదు, కడిగితే జారిపోతాయి. పట్టు గట్టిగా ఉంటే జబ్బు పాతది, బిడ్డ జోలికి రాలేదు అని చెప్పవచ్చు.

ప్లేటు అడుగున వైరస్ ముక్కలు పూసి ఉంటాయి. ముళ్ళ ప్రోటీను అంటారు వాటిని. వైరస్ బంతికి పైనుండే తొడుగులోంచి అవి పొడుచుకుని ఉంటాయి. ఆ ముళ్ళతోనే అది కణానికి తగులుకుంటుంది. కణం దాన్ని తన తిండి అనుకుని సంచిలో చుట్టి లోపలికి తీసుకుంటుంది. సంచిలో పులుపు పెరగగానే బంతి విచ్చుకుంటుంది. లోపలున్నది ఒక్క ఆర్‌ఎన్‌ఏ పోగు. కణం ఆ పోగును తన సొంత ఉత్తరువే అనుకుని చదువుతుంది, చదివిందల్లా తయారు చేసి పెడుతుంది. చివరకు కొత్త బంతులు కణం పొరనే తొడుక్కుని బయటికి పోతాయి. ఎంఎస్సీలో ఈ పాఠం చదివినప్పుడు లోకేశ్వరికి ముచ్చటేసింది. ఇంత చిన్న పోగు, ఇంత పని. ఈరోజు ఆ ముచ్చట లేదు.

ఒక వరస గుంటలను మామూలు నీళ్ళతో, ఒక వరసను యూరియాతో కడిగింది. బోర్లించి, టిష్యూ మీద తట్టింది. మళ్ళీ పోసింది, మళ్ళీ తట్టింది. రంగు వేసి నిలబడింది. మామూలు వరసలో మలర్ గుంట నీలమై, ఆమ్లం పడగానే పసుపైంది. యూరియా వరసలో రంగు ఎక్కలేదు.

మెషిన్‌లో పెట్టి చూసింది. పట్టు తక్కువ. కొత్త జబ్బు. రెండు మూడు నెలల లోపలిది.

ఆమె ప్లేటును చెత్త సంచిలో వేసి చేతి తొడుగులు తీసింది. మురుకులు నములుతూ డాక్టరమ్మ చెప్పిందే ఇప్పుడు తనూ చెప్పాలి. ముకుందన్ వచ్చి తలుపు దగ్గర తొంగిచూశాడు.

"ఏం, పొద్దున్నే వచ్చేసినావే? యూరియా ఎందుకు? ఇంట్లో చెట్లకా?"

ఆమె యూరియా డబ్బా మూత బిగించి అలమరలో పెట్టింది.

సాయంత్రం అంబుజం ఇంట్లో లోకేశ్వరి నిలబడే చెప్పింది. "పరీక్ష చేసినాను. కొత్తగా వచ్చినదే. డాక్టరమ్మ మాట కాదని చెప్పేదానికి నా దగ్గర ఏమీ లేదు."

నరేంద్రన్ డిపో నుంచి అప్పుడే వచ్చాడు. చేతులకు గ్రీజు ఉంది. కడుక్కోకుండా గడప మీద కూర్చున్నాడు.

"ఒళ్ళు పొక్కలేదే," అన్నాడు.

"సగం మందికి పొక్కదు. తెలియకుండానే వచ్చి పోతుంది. ఎవరో పిల్లోడు దగ్గినా చాలు."

"ఆ ఆస్పత్రిలో చీపురు పట్టొద్దని ముందే చెప్పినాను," అంది అంబుజం. కోడలికి కాదు, గోడకు చెప్తున్నట్టు. "యాడాడి జబ్బులో ఉండే చోటు. వినిందా? వినలే. ఇప్పుడు చూడు." ఆమె పీట తెచ్చి వంటగది గడప దగ్గర వేసుకుని ఎక్కింది. మేకు నుంచి ముడుపు తీసి, ముడి విప్పడానికి గోటితో లాగింది. రెండు నెలల తేమకు ముడి బిగుసుకుపోయింది. పళ్ళతో పట్టుకుంది.

"దాన్ని విప్పొద్దత్తా," అంది మలర్.

"ఇంకెందుకు? మొక్కు తీరేదానికి ఏం మిగిలింది? బిళ్ళ గుళ్ళో వేసి వస్తా."

"విప్పొద్దంటా ఉండా గదా!"

ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. అంబుజం ముడుపు నోట్లో ఉండగానే ఆగింది.

"దగ్గు లేదు, పిల్లోడు లేదు," అంది మలర్. "నేనే చెయ్యి చాపినాను."

"ఏం చెయ్యి?"

"సూదికి." ఆమె జాకెట్టు ఎడమ చేతిని పైకి లాగింది. అక్కడ మచ్చ కూడా లేదు. "తొలినెలలో. తుడిచేవాళ్ళందరికీ క్యాంపు పెట్టినారు. సూది వేసుకోకుంటే పిల్లల వార్డుకు పంపేది లేదని చెప్పినారు. వరసలో నిలబెట్టి ఆ సిస్టరు గట్టిగా అడిగింది, ముట్టు తప్పినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఉంటే పక్కకు రండి అని. సూపర్‌వైజరు చంద్రన్ ఆడనే ఉండాడు. అందరూ ఉండారు. నేను లేదని తల ఊపినాను. ముడి మీద చెయ్యి పెట్టి ఒట్టేసినాను గదత్తా, ఎట్ల చెప్పేది?"

"ఏం సూది అది?" అంది లోకేశ్వరి.

"తట్టుకు, రుబెల్లాకు అనింది. కడుపుతో ఉన్నోళ్ళకు వెయ్యకూడదని కూడా చెప్పింది. రిపోర్టులో ఆ పేరే ఈయన చదివి చెప్పినప్పుడు తెలిసిపోయె. జబ్బును నేనే బిడ్డకు ఎక్కించినాను అని." మలర్ గొంతు దిగింది. "డాక్టరమ్మ అడిగితే చెప్పుండేదాన్నేమో. ఆమె అడగలే."

లోకేశ్వరి మంగళవారం ఇదే చాప మీద కూర్చుని తనేం అడిగిందో గుర్తు చేసుకుంది. జ్వరం అడిగింది. పొక్కులు అడిగింది. గడ్డలు అడిగింది. సూది సంగతి అడగలేదు. అది పిల్లలకు వేసేది అన్న లెక్కలోనే ఉండిపోయింది.

ఆమె చాప మీద కూర్చుంది.

"విను. నా పరీక్షలో పట్టుబడింది ఆ సూదే. సూదిలో ఉండేది ఆ పురుగే, కానీ కోరలు పీకింది. చలిలో పెంచి పెంచి దాని బలం తీసేసి ఉంటారు. ఒంట్లో పడితే నెత్తురు దాన్ని చూసి నేర్చుకుంటుంది. ఐజీఎం వస్తుంది, పట్టు తక్కువగా ఉంటుంది. పరీక్షకు అసలు జబ్బుకూ దీనికీ తేడా తెలియదు. కడుపుతో ఉంటే వెయ్యకూడదు అనేది ముందుజాగ్రత్తకు. తెలియక వేసుకున్నదానికి కడుపు తీయించమని ఏ పుస్తకమూ చెప్పదు. అట్ల వేసుకున్న ఆడవాళ్ళు ఎంతోమంది, దేశదేశాల్లో. బాగుండే పిల్లల్నే కన్నారు."

"బిడ్డకు ఏమీ కాదా?" అన్నాడు నరేంద్రన్.

"ఏ బిడ్డకైనా చూసినట్టే దీన్నీ స్కానులో చూడాల. పుట్టినాక చెవులు చూపించాల. రేపు పోవాల్సిన పని లేదు. పెద్దాస్పత్రిలో నాకు తెలిసిన డాక్టరు ఉంది, సోమవారం ఆమె దగ్గరికి పోదాం."

అంబుజం పీట మీదే ఉంది. ముడుపును నోట్లోంచి తీసి చీర చెంగుతో తుడిచింది. ముడి సగం వదులైంది. రెండు కొసలూ పట్టుకుని బిగించింది. మళ్ళీ లాగి చూసి, ఇంకోసారి బిగించి, మేకుకు తగిలించింది. దిగి కోడలి పక్కన కూర్చుంది.

"అడ్డగాడిదా," అంది. "నాకైనా చెప్పకూడదా?"

"మీరే గదా నోరు తెరవొద్దంటిరి."

నరేంద్రన్ నవ్వబోయి, చేతుల్లో గ్రీజు చూసుకుని, కడుక్కోవడానికి లేచాడు. మలర్ కూడా కొంచెం నవ్వింది.

"నేనొక్కదాన్నే కాదత్తా. వరసలో నా ముందు నిలబడినదీ కడుపుతోనే ఉండింది. అదీ మూడు నెల నిండేదాకా చెప్పకూడదని ఉండింది. సిస్టరు అడిగినప్పుడు ఇద్దరమూ ఒకరినొకరు చూసుకుని లేదని తల ఊపితిమి. బయటికి వచ్చినాక నవ్వుకుంటిమి. ఆ డాక్టరమ్మ పేరు నాకు చెప్పింది కూడా అదే."

"ఎవరు?" అంది లోకేశ్వరి.

"యోగిత. వైతికుప్పంలో ఉంటుంది."

లోకేశ్వరి ఫోను తీసి నర్సింగ్ హోమ్ నంబరు నొక్కింది. మోగింది. ఎవరూ తీయలేదు. మళ్ళీ నొక్కింది. మలర్ దగ్గర యోగిత నంబరు అడిగి చేసింది. స్విచ్చాఫ్.

"రెండు రోజులుగా పనికి కూడా రాలే అది," అంది మలర్.

లోకేశ్వరి మరోసారి నర్సింగ్ హోమ్‌కు చేసింది. ఈసారి వాచ్‌మన్ తీశాడు. "ఓపీ అయిపోయింది, రేపు పొద్దున్న రండి," అన్నాడు.

శుక్రవారం తలుపులు తెరిచేసరికి లోకేశ్వరి వరండాలో ఉంది. నర్సు చీపురుతో పూలు ఊడుస్తోంది.

"మలర్ రాలేదా?" అంది నర్సు. "తొమ్మిదికి రమ్మన్నాం గదా."

"రాదు. వద్దనుకున్నారు."

"సరి. మేడమ్‌కు చెప్తా." నర్సు బోర్డు దగ్గరికి వెళ్ళి శుక్రవారం కింది పేరును అరచేతితో తుడిచింది.

"సిస్టర్, యోగిత అని ఇంకో అమ్మాయి ఉంది. ఆమె రిపోర్టు కూడా మా ల్యాబుదే. ఆమెకు ఎప్పుడు రాసినారు?"

నర్సు బోర్డు మీద వేలు పెట్టి చూపించింది. గురువారం కింద యోగిత ఎస్. అని ఉంది. పక్కన టిక్కు ఉంది.

"ఈమధ్య సూది ఏమన్నా వేసుకుందా అని ఆమెను ఎవరైనా అడిగినారా?"

"ఏం సూది?" అంది నర్సు.

యోగితను గురువారం ఉదయం లోపలికి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం మూడింటికి ఆటోలో ఇంటికి పంపారు. వెంట వాళ్ళ అత్త ఉంది.